తొంభైగాడి పెళ్ళి

“ఇంకా కూస్తోంది మామయ్యా,” అంది కోడలు.

లాంతర్ల తాత మొహం కొండెక్కిన దీపమయింది. బల్ల మీద చాపిన ఆయన మోకాలి దగ్గర కోడలు పట్టుకున్న, రేడియేషన్ని పసిగట్టే యంత్రం, రేకు మీద వానచినుకులు పడ్డట్టు చిటచిటలాడుతోంది.

“సరిగ్గా పట్టావా అమ్మాయ్? దానికి జలుబు చేసిందేమో చూడు.”

“మా ఆసుపత్రిలో అందరికీ పట్టేది దీన్నే. నొప్పికని మీ మోకాల్లోకి ఎక్కించిన ఇట్రియం మందు రెండున్నర రోజులకోసారి సగానికి సగం తగ్గాలి. ఈపాటికి దాని ఊసే ఉండకూడదు. ఏంటో మరి, నాకు అంతుబట్టడం లేదు.”

“అంటే ఇవాళ కూడా...”

“ఇవాళ కూడా మీ పక్క ఈ కొట్టుగదిలోనే,” అంది ముసలమ్మ, ఆయన కాలికింద చిన్న దిండు సర్దుతూ. “కదపకండి, నొప్పెడుతుంది.”

“చూశావా అమ్మాయ్, ఎంత సంబరంగా చెబుతోందో మీ అత్త.”

నిజానికి తాతకి మోకాలి బాధ ఏనాడో పోయింది. గొంతుక్కూర్చుని లాంతర్లు బాగుచేస్తున్నాడు కూడా. ఇప్పుడు బాధంతా పక్క గురించే. మందు ఎక్కించిన డాక్టరు, ఎందుకైనా మంచిది, యంత్రం నోరు మూసుకునేదాకా దంపతులు విడిగా పడుకోండి అన్నాడు. ఆ మాట విన్నది మొదలు ముసలమ్మ కళే మారిపోయింది. పొద్దున్నే మొహం విచ్చుకుని లేస్తోంది. కాఫీ చేతికిస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. తన గురక పీడ విరగడైందనే ఈ సంతోషమని తాత అనుమానం. ఆయన గురక పెడితే కొట్టులో లాంతరు గాజులు గలగలమంటాయని వీధంతా చెప్పుకుంటారు మరి. ఆ మాట పుట్టించింది కూడా ఆయనే అనుకోండి.

ఒంటరిగా కన్నంటుకోక, కొట్టుగది కిటికీలోంచి అవతలి గదిలోకి కథ చెప్పడం మొదలుపెట్టాడు. కోడలు చెప్పిన నాలుగు ముక్కలకి తను నలభై అతికించాడు. ఇట్రియం వారింట్లో ఇద్దరన్నదమ్ములట. పెద్దాడి పేరు ఎనభైతొమ్మిది, చిన్నాడి పేరు తొంభై. ఒకే పోలిక, ఒకే గుణం. చిన్నాడి ఒంట్లో ఒక్క న్యూట్రాను మాత్రం ఎక్కువ. ఆవగింజలో అరవయ్యో వంతు కూడా ఉండని ఆ నలుసు అరక్క, వాడు ఒకచోట కుదురుగా కూర్చోలేడు. పెద్దాడు బుద్ధిమంతుడు. ఇప్పటి లాంతర్లలో తెల్లగా వెలిగే వలసంచి ఉంటుందే, మేంటిల్, అందులో చేరి నడిమంటలో కూర్చున్నా ఉలకడు పలకడు. చిన్నాడు మాత్రం తిరిగి తిరిగి, జిర్కోనియం వారింటికి ఇల్లరికం పోయి ఇంటిపేరే మార్చేసుకుంటాడు. అదీ కథ. ఒక్క మాటలో తేలిపోయే ఆ పెళ్ళి తాత నోట్లో పడి ఏడు సముద్రాలు ఈదుతోంది. సంబంధం కుదిరిందనేసరికి పిల్లనెవరో ఎత్తుకుపోతారు.

“వింటున్నావా?” అంటే అవతల్నుంచి “ఊఁ” అని వచ్చేది. పాపం, జాలిపడి ఊకొడుతోంది అనుకునేవాడు.

కోడలు యంత్రాన్ని బల్ల మీద పెట్టేసింది. “ఇక ఆగకూడదు మామయ్యా. రేపు పెద్ద డాక్టరుకి చూపిద్దాం. నాకు భయంగా ఉంది.”

ముసలమ్మ చెయ్యి దిండు మీదే ఆగిపోయింది. “పెద్ద డాక్టరెందుకే ఇంతోటిదానికి? ఇంకో నాలుగు రోజులు చూద్దాంలే.”

తాత గుండె కలుక్కుమంది. తనకేమవుతుందోనని కోడలికి బెంగ. పక్కలోకి వచ్చేస్తాడేమోనని పెళ్ళానికి బెంగ.

“రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోదాం పదమ్మాయ్,” అని విసురుగా లేచి గుమ్మం దాకా నడిచాడు. “ఆ ఆసుపత్రిలోనే ఓ మంచం వేయించు. ఇక్కడ నేను లేకపోతేనే సుఖంగా ఉన్నట్టుంది కొందరికి.”

యంత్రం ఒక్కటే మాట్లాడుతోంది. తాత గుమ్మంలో ఉన్నాడు. అది బల్ల మీద చిటచిటలాడుతూనే ఉంది.

ముగ్గురూ దిండుకేసి చూశారు.

కోడలు గలేబులో చెయ్యి పెట్టి ఓ పాత మేంటిల్ బయటికి లాగింది. కిందటేడు తనే, “వీటిలో ఉండేది కొత్తవాటిలోలా ఇట్రియం కాదు, థోరియం. యుగాలు గడిచినా ఇది చిటపటలు మానదు. ముట్టుకోకండి,” అని చెప్పి అటకమీద డబ్బాలో పెట్టించిన రకం.

ఆమె బల్ల మీద కూలబడి గుండె మీద చెయ్యేసుకుంది. “నా ప్రాణం పోయిందనుకోండి అత్తయ్యా. పాపం మామయ్య గురకకి ఇంత శిక్షా?”

“గట్టిగా అడుగమ్మా,” అన్నాడు తాత. “ఇన్నేళ్ళు కాపురం చేసి, చివరికి కట్టుకున్నవాణ్ణి అణుబాంబు చేసి కొట్టుగదిలో కూర్చోబెట్టింది.”

“గురకేంటి, గురక నాకు కొత్తా,” అంది ముసలమ్మ, ఖాళీ దిండు ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ.

“మరెందుకు చేశావే?”

“ఊళ్ళో వాళ్ళందరికీ కూర్చోబెట్టి కథలు చెబుతారు. నా పక్కకి వచ్చేసరికి దిండుకి తల తగలడం, నిద్రపోవడం. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా ‘వింటున్నావా’ అని నన్నడిగారా?”

తాత గుమ్మం దగ్గర్నుంచి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

ముసలమ్మ కోడలి వైపు జరిగి, గొంతు తగ్గించి అంది. “నువ్వే చెప్పమ్మా, ఆ తొంభైగాడి పెళ్ళి అవకుండా ఈయన్ని పక్కలోకి ఎలా రానిస్తాను?”