నీలం సంచులు

ఆ పొద్దున సైదులుకు చాలా పనులున్నాయి. తెలంగాణ ఉద్యమం రోజులు, రాస్తారోకో మొదలుకాకముందే ఎల్బీ నగర్ దాటాలి. అంతకన్నా ముందు భార్య పెంటమ్మను ఆయాసం రాకుండా మెట్లు దింపాలి. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో నెలకు సరిపడా పీల్చే మందు తీసుకోవాలి.

అమ్మాజీ మీద పగ తీర్చుకోవాలి.

పెంటమ్మకూ అమ్మాజీకీ ఒకటే జబ్బు. ఊపిరితిత్తుల్లో బీపీ. ఇద్దరూ కొత్త మందు పరీక్షలో చేరారు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది ఇస్తున్నారో డాక్టర్లకు కూడా తెలియదట.

అమ్మాజీ ఇప్పుడు మెట్లెక్కుతోంది. పెంటమ్మ నాలుగడుగులకే కూలబడుతోంది.

"డాక్టర్లు ఆంధ్రోళ్లు. ఆమె ఆంధ్రామె. గింత అర్థం కాదా?" అన్నాడు సైదులు.

"ఊకో అయ్యా. ఆమె మంచిది."

"నీకందరు మంచోళ్లే. అందుకే నీకు నీళ్లిచ్చిండ్రు."

దవాఖాన వరండాలో ఇద్దరికీ నెల మందున్న సంచులిచ్చారు. అన్నీ ఒకే నీలం రంగు. సైదులు ఆటో మాట్లాడి వచ్చేసరికి పెంటమ్మ బల్ల మీద కునుకు తీస్తోంది.

పక్కనున్న అమ్మాజీ లేచింది. "డాక్టరుగారు పిలుస్తున్నారు. నా సంచి కాస్త చూస్తుండు బాబూ."

"పోయి రా అమ్మా. పైలంగ చూస్త."

ఆమె తలుపు దాటగానే సంచులు మార్చేశాడు.

'ఇగ నువ్వు పీల్చు నీళ్లు' అనుకున్నాడు.

ఆటోలో అతని నవ్వు ఆగలేదు.

"ఏందయ్యా గంత సంబరం?" అంది పెంటమ్మ.

"తెలంగాణ ఒచ్చిందే!"

"నాకు చెప్పకుండనే?"

పెంటమ్మ ఆ నెల దాటలేదు.

దినాలయ్యాక అమ్మాజీ తుర్కయంజాల్‌లో సైదులు ఇంటికి వచ్చింది. మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది.

"నువ్వు మంచిగనే ఉన్నవు గదా," అన్నాడు సైదులు, పళ్లు కొరుకుతూ.

"అదే అర్థం కావట్లేదు బాబూ." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఎవరికీ చెప్పకు. ఆ రోజు నువ్వు ఆటో కోసం వెళ్లినప్పుడు, నా సంచి మీ ఆవిడ పక్కన పెట్టి ఆవిడది నేను తీసుకున్నాను. నాది అసలు మందేనని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క నెల ఆవిడ పీలిస్తే కోలుకుంటుందనుకున్నాను. మరి నా మందు ఆవిడకెందుకు పనిచెయ్యలేదు?"



ఆమె ఇచ్చేసిన మందును మళ్లీ ఆమె దగ్గరికే చేర్చింది తానేనని సైదులు ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు. మీరైనా అమ్మాజీని గుర్తుంచుకోండి.