ముక్కుసూటి మనిషి

కెమిస్ట్రీ ల్యాబును పడగొట్టి గెస్ట్‌హౌస్ కట్టాలన్న ప్రతిపాదన ఆ మధ్యాహ్నం పాలకమండలి ముందుకు వస్తోంది. పొద్దున్నుంచీ వైస్ చాన్సలరమ్మకు ముద్ద దిగలేదు.

దిగుతుందా మరి? ఆ ల్యాబులోనే ఆవిడ మొదటిసారి బ్యూరెట్టు పట్టుకుంది. అక్కడే పరిశోధన చేసింది, అక్కడే పాఠాలు చెప్పింది. 'ఆడపిల్లవి, ఆసిడ్లతో నీకెందుకమ్మా' అని నీతులు చెప్పిన పెద్దమనుషులందరి మీదా అక్కడే శాఖాధిపతి అయి కూర్చుంది. ఇంత పెద్ద కుర్చీ ఎక్కాక కూడా వీలు దొరికితే చాలు, ఆ ల్యాబుకు వెళ్లి, పిల్లలు కడిగిన గాజు సామాను వెలుతురుకెత్తి చూసి, తిట్టాల్సినవి తిట్టి వచ్చేది. ఆ ల్యాబంటే ఆవిడకు ప్రాణం.

గెస్ట్‌హౌస్‌కు సర్కారు ఇస్తానన్న గ్రాంటు ఆ సాయంత్రంతో మురిగిపోతుంది. ఈ ఒక్క మీటింగు గట్టెక్కితే ల్యాబు బతికినట్టే. గట్టెక్కడమే కష్టం. ప్రతిపాదన తెచ్చింది మండలిలోని కాంట్రాక్టరు సిమెంటుగారు. ఆయన అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో! యూనివర్సిటీలో ఇటుక మీద ఇటుక పడిందంటే ఆయన చెయ్యి ఉండాల్సిందే. మండలిలో ముప్పాతిక మంది ఆయన మాటకు తలూపేవాళ్లే.

"సభ్యుల్ని ఇంటికి పిలిచి కాఫీ ఇవ్వండి మేడం. కాస్త మంచి చేసుకోవాలి," అని రిజిస్ట్రారు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"కాకా పట్టడం నాకు చేతకాదండీ. ఏదున్నా మొహం మీదే చెప్తాను."

"అదే మీతో వచ్చిన చిక్కు. మరీ ముక్కుసూటి!"

ముక్కు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆవిడ ముక్కంటే యూనివర్సిటీ మొత్తానికీ హడల్. కెమిస్టులు సీసాలో ముక్కు పెట్టరు. మూతి దగ్గర చేత్తో గాలిని తమవైపు విసురుకుని వాసన పడతారు. ఆవిడ ఆ అలవాటును ఆఫీసుకూ తెచ్చుకుంది. ఫైలొచ్చినా విసురుకునేది, మనిషొచ్చినా విసురుకునేది. ఓసారి చొక్కా మీది నుసి దులుపుకుంటూ వచ్చిన గుమాస్తాను ఎగాదిగా చూసి, ముక్కు ఎగబీల్చి, "మెట్ల కింద సిగరెట్టా?" అంది. ఇంకోసారి ఫినాయిలు తెచ్చినవాడు డబ్బా బకెట్లోకి వంపుతుంటే, గాలి విసురుకుని "సగం నీళ్లు" అని తేల్చేసింది. వాడు అక్కడికక్కడే చెంపలేసుకున్నాడు. అప్పట్నుంచి ఆవిడ గది ముందు ప్రొఫెసర్లు కూడా తమ చొక్కాలు తామే వాసన చూసుకుంటున్నారు.

మీటింగు మొదలైంది. సిమెంటుగారు ప్రతిపాదన చదివి, కాగితం మడిచి, "అయినా ఆ పాత కొంపలో ఏముందండీ, కంపు తప్ప?" అన్నారు. అందరూ పకపకా నవ్వారు.

మేడం మొహం కందిపోయింది. "మన పిల్లలు చేతులతో నేర్చుకునేది అక్కడేనండీ," అని మాత్రం అనగలిగింది. ఎవరూ వినిపించుకోలేదు.

"అయితే చేతులెత్తండి," అన్నారు సిమెంటుగారు.

చేతులు సగం లేచాయి. మేడం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ముక్కుపుటాలు అదిరాయి. కుడిచేత్తో గాలిని మెల్లగా మొహం వైపు విసురుకుంది.

"ఎవరికైనా కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందా?"

చేతులు గాల్లోనే ఆగాయి. అందరూ గాలి ఎగబీల్చారు.

"నాకేం రావట్లేదే," అన్నారు సిమెంటుగారు.

"అయ్యయ్యో! ఆ విషపు గ్యాసుతో వచ్చిన గొడవే అదండీ. కొంచెం ఉంటే కంపు కొడుతుంది. ముదిరితే ముందు ముక్కును మొద్దుబారుస్తుంది. ఏమీ తెలియట్లేదంటే..." మేడం మిగతా మాట మింగేసింది.

"నాకూ తెలియట్లేదు!" అంటూ ఒకాయన లేచాడు.

"నాకు ఇందాక వచ్చింది, ఇప్పుడు రావట్లేదు!" అని రిటైర్డు జడ్జిగారు కెవ్వుమన్నారు.

ఇంకేముంది! కుర్చీలు వెల్లకిలా పడ్డాయి. ఉన్నది ఒక్కటే తలుపు. అందరినీ తోసుకుని సిమెంటుగారు ముందు దూకారు, చెప్పొకటి లోపలే వదిలేసి. మేడం మాత్రం నిదానంగా కిటికీలన్నీ తెరిచి, అందరికన్నా చివర బయటికొచ్చింది. అప్పటికే సభ్యులు కొందరు ఆస్పత్రికి, కొందరు ఇళ్లకు లగెత్తారు. సిమెంటుగారు కాస్త తేరుకుని ఫోన్లు చేసి బతిమాలినా ఒక్కడూ తిరిగి రాలేదు. చాలినంత మంది లేక మీటింగు చెల్లలేదు. గ్రాంటు మురిగిపోయింది.

ఇంజినీరు వచ్చి హాలంతా గాలించాడు. ఏమీ దొరకలేదు. "మేడం ముందే పసిగట్టి కిటికీలు తెరిచారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎంత ఘోరం!" అన్నాడు. హాలు కిందనే మురుగుకాలవ పోతోందనీ, ఆ హాలు కట్టింది సిమెంటుగారేననీ రిజిస్ట్రారు కనబడినవాడికల్లా గుర్తుచేశాడు. ఆనక కళ్లనీళ్లు పెట్టుకుని ఆవిడకు దండం పెట్టాడు.

సాయంత్రం మేడం గుమ్మంలోంచే అరిచింది. "ల్యాబు దక్కిందండీ!"

వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ కాఫీకని పాలు పెట్టి, వచ్చి భర్త పక్కన కూలబడి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. జడ్జిగారి కేక దగ్గర ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతున్న భర్త ఠక్కున ఆగి, గాలి పీల్చి, వంటింట్లోకి పరిగెత్తాడు. అక్కణ్నుంచే అరిచాడు.

"ల్యాబులో ఆసిడ్ సీసా పగిలి నీకు వాసనన్నదే తెలియకుండా పోయి పాతికేళ్లయింది కదే, పాలు పొయ్యి మీద పెట్టి ఇవతలికి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి!"