మెత్తని గంట

జయశ్రీ బడికొచ్చిన మొదటిరోజే, గంట మోగగానే రెండు చెవులూ మూసుకుని గేటు దాటి రోడ్డు మీదికి పరిగెత్తింది.

ఆత్మకూరు నుంచి సోమశిల పోయే రోడ్డది. లారీలు ఎవరి కోసమూ ఆగవు.

గంట కొట్టిన ఆయమ్మ రెబెకమ్మే సుత్తి పారేసి వెంటపడి పట్టుకుంది. లేకపోతే ఆరోజే కథ అయిపోయేది.

హెడ్మాస్టరు వెంకటరమణయ్యకు ముచ్చెమటలు పోశాయి. ఇలా ఇంకొక్కసారి జరిగితే టీసీ ఇచ్చి పంపేస్తానని జయశ్రీ తల్లికి ఖరాఖండిగా చెప్పేశాడు.

ఆ తల్లి వాదించలేదు. పిల్లకు ఇది నాలుగో బడి. ఆటిజంలో ఒక రకం, ఆస్పెర్జర్ సిండ్రోమ్ అని నెల్లూరు డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఇక్కడా కుదరకపోతే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం తప్ప ఆమెకు వేరే దారి లేదు.

విచిత్రం, ఆ ఏడాదంతా అలాంటిది మళ్ళీ జరగలేదు.

క్లాసు టీచరు సుకుమారి ఆ కాగితంలోని పేరు గురించి దొరికినదల్లా చదివింది. జయశ్రీని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. మాట్లాడేటప్పుడు నా ముఖంలోకి చూడు అని ఒక్కనాడూ బలవంతపెట్టలేదు. పక్కన సుధారాణిని వేసింది.

సుధారాణి నోరు మూతపడదు. జయశ్రీ నోరు తెరవదు. జత బాగా కుదిరింది.

జయశ్రీకి లోకమంతా సోమశిల రిజర్వాయరే. పొద్దున్నే పేపర్లో నీటిమట్టం చూసుకుని మరీ వచ్చేది. ఆ మాట వస్తే మాత్రం నోరు తెరిచి, డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ళ పేర్లు వరసగా చెప్పేది. ఆ వీధుల్లో ఇప్పుడు చేపలు తిరుగుతుంటాయట. ఏ ఇంటికీ తలుపులు లేవు కాబట్టి ఎవరింట్లోకైనా పోవచ్చట.

మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు.

"ఈ పొద్దు ఏ వీధికి పోదాం మే?" అనేది సుధారాణి.

ఇద్దరూ కిటికీలోంచి ఎండను చూస్తూ చూస్తూ నీళ్ళ కిందికి వెళ్ళిపోయేవాళ్ళు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. బడి గంట కూడా ఎక్కడో అడుగున, నాచు పట్టిన గోడల అవతల మోగినట్టు వినిపించేది.

గొడవంతా ఆ గంటతోనే వచ్చింది.

వరండా దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్క అది. కొడితే బజారంతా వినపడాలి. కొత్తలో రెబెకమ్మ అలాగే కొట్టేది. పోనుపోను ఆ చప్పుడు తొమ్మిదో తరగతి దాకా కూడా పోకుండా అయింది. పీరియడ్ అయిపోయిన సంగతి తెలియక లెక్కల మాస్టారు ఇంకో లెక్క మొదలుపెట్టేవాడు. పాపం పిల్లలు.

పైగా ఆమె సుత్తి ఎత్తి ఎటో చూస్తూ అలాగే ఉండిపోయేది. నిలబడి నిద్రపోతోందని టీచర్లు నవ్వుకునేవాళ్ళు. సుకుమారి కూడా నవ్వింది.

ఆమెది ఏ ఊరో, ఎవరున్నారో ఎవరూ అడగలేదు. పొద్దున అనంతసాగరం వైపు నుంచి వచ్చే షేర్ ఆటో దిగేది, సాయంత్రం ఎక్కి వెళ్ళిపోయేది.

ఏడాది ఓపిక పట్టి హెడ్మాస్టరు పిలిపించాడు.

"ఏం రెబెకమ్మా, గట్టిగా కొట్టలేవా?"

"చేతుల్లో సత్తువ లేదు సార్."

ఎండాకాలం సెలవులిచ్చిన రోజున, ఇక రావద్దని చెప్పి పంపేశారు.

జూన్‌లో బడి తెరిచేసరికి గోడకు కరెంటు గంట వచ్చింది. అది మోగిన మొదటి రోజే జయశ్రీ మళ్ళీ గేటు దాటింది. ఈసారి సుధారాణి వెనకే పరిగెత్తి నడుం పట్టి లాగింది. ఇద్దరూ రోడ్డు పక్క కంకరలో పడ్డారు.

హెడ్మాస్టరు టీసీ పుస్తకం బయటికి తీశాడు.

మోచేతి మీది రక్తం తుడుచుకుంటూ సుధారాణి అంతా చెప్పేసింది. కొట్టే ముందు ఆయమ్మ వాళ్ళ కిటికీ వైపు చూసేదట. జయశ్రీ చెవులు మూసుకుని తల ఊపాకే కొట్టేదట. రోజుకు తొమ్మిదిసార్లు, ఏడాది పొడుగునా.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అంది సుకుమారి.

"చెప్తే జయకు టీసీ ఇచ్చేస్తారు, ఎవురికీ చెప్పబాకండి అని ఆయమ్మే అనింది టీచర్."

సుకుమారికి సిగ్గేసింది. పిల్ల నిలబడింది తన చదువు వల్లేనని ఏడాదిగా మురిసిపోయింది మరి.

హెడ్మాస్టరు పుస్తకం మూసేశాడు. స్టూలెక్కి కరెంటు గంట తీగ తనే పీకేశాడు. మంచివాడే, కాస్త ఆలస్యంగా అర్థమవుతుంది ఆయనకు.

"సత్తువ లేని ఆ చేతులే మనకు కావాల్సింది. పోయి పిలుచుకురామ్మా," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే సుకుమారి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని షేర్ ఆటో ఎక్కింది. ఆమె రోజూ ఎక్కేది ఇక్కడేనని ఆటో అతను దించింది రిజర్వాయరు ఒడ్డున చిన్న పల్లెలో. చర్చి ముందు హెన్రీ అనే పెద్దాయన కుర్చీలు వేస్తున్నాడు. రెబెకమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే, చేతిలో కుర్చీ కింద పెట్టాడు. మే నెలలో వడదెబ్బకు పోయిందని చెప్పాడు.

జయశ్రీ నీళ్ళ వైపు తిరిగి నిలబడింది. సుధారాణి ఆమె చెయ్యి పట్టుకోలేదు, ముట్టుకుంటే ఆమెకు నచ్చదు. ఊరికే పక్కకు వచ్చి నిలబడింది.

సుకుమారికి ఏడుపు ఆగలేదు. ఆమె మా బళ్ళో గంట కొట్టేదండీ, అంది.

"మీ బళ్ళో ఒక్కచోటే కాదమ్మా," అన్నాడు హెన్రీ. "మొన్నటి ఈస్టర్ దాకా ముప్పై ఏండ్లు మా చర్చి గంట కొట్టింది ఆమే, రెబెకమ్మ తాడు లాగిందంటే నీళ్ళ నడిమధ్య పడవల్లో ఉండేవాళ్ళు కూడా విని, వలలు ఎత్తుకోని ప్రార్థనకొచ్చేసేవాళ్ళు."