మొదటి పేజీ

“పదమూడో పేజీ కూడా అయిపోయిందమ్మా. మీ సైటెక్కడ?” అంటూ జగన్నాథరావు కుర్చీ వెనక్కి జరిపాడు.

రత్నకు తల కొట్టేసినట్టయింది. అరకులోయలో తను నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో, తన కంప్యూటర్‌లో, తను చేసిన సైటే కనబడడం లేదు! కొండ మీద నలభై మంది ఆడవాళ్ళు పండించే కాఫీ కోసం నెల రోజులు కళ్ళు మండేలా కూర్చుని చేసింది. ‘కొండతల్లి కాఫీ’ అని పేరు కూడా తనే పెట్టింది.

“కొత్త సైటు కదండీ, పైకి రావడానికి టైము పడుతుంది” అంది నీరసంగా.

“విశాఖలో నాకు ఆరు షాపులున్నాయి. కొనేవాళ్ళు ఇప్పుడు ముందు నెట్‌లో చూసుకుని వస్తున్నారు. అరకు కాఫీ అని కొడితే మొదటి పేజీలో మీ పేరు కనబడాలి. కనబడితే మీ పేరుతోనే ప్యాకెట్లు పెడతాను. లేదా, గింజలు తీసుకుంటాను గానీ ప్యాకెట్ మీద పేరు నాది. కోతలయ్యాక వస్తాను, చూద్దాం” అని ఆయన జీపెక్కాడు.

గుమ్మంలో పసుపు మూట పెట్టుకుని యర్రమ్మ ఇదంతా వింటోంది. రత్నకు అమ్మమ్మ, ఆ నలభై మందికీ పెద్ద. నలభై ఏళ్ళుగా వారం వారం సంతలో పసుపు అమ్ముతోంది. చదువు లేదు గానీ, బుర్ర మాత్రం బంగారం.

“ఏటయిందే గుంటా?”

“మన పేరు కనబడలేదమ్మమ్మా.”

“కాఫీ మంచిదని రాసినావు కదే?”

“వంద సార్లు రాశాను. మన గురించి మనమే రాసుకుంటే నెట్‌లో వెతికిపెట్టే సైటు నమ్మదు. పదిమందీ చూసే పాత సైట్లవాళ్ళు మన పేరు చెప్పాలి. అప్పుడే ముందుకు తెస్తుంది.”

యర్రమ్మ పకపకా నవ్వింది. “ఓస్, ఇంతేనా! మా సంత కూడా అంతే కదే. నాను కొత్తగా వచ్చినప్పుడు ఓ మూల కూకోబెట్టినారు. మంచి పసుపు, మంచి పసుపని గొంతు పోయేలా అరిసినా ఒక్కలూ ఇటు తిరగనేదు. సింతపండు అమ్మే ముసల్ది ‘దాని కాడ కొనండే’ అని నలుగురికి సెప్పింది. అప్పుడొచ్చినారు. మరి నువ్వేటి సేత్తన్నావు? మూల కూకుని అరుత్తన్నావు.”

రత్న నోరు తెరుచుకుని చూసింది. తను నెలల తరబడి పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఈ ముసలమ్మ ఒక్క గుక్కలో చెప్పేసింది!

“నిజమే అమ్మమ్మా. కానీ వాళ్ళంతా బెంగుళూరు, కలకత్తాల్లో ఉంటారు. మన పేరెందుకు చెప్తారు?”

“ఆళ్ళేనా, రైలు దిగి కెమేరాలట్టుకుని మా మొకాల మీద పడతారు?”

“వాళ్ళే. ఇంటికెళ్ళి ఫొటోలు పెట్టి, చూసిందంతా రాసుకుంటారు.”

యర్రమ్మకు కెమేరా అంటే ఒళ్ళుమంట. ఎవరైనా ఎత్తారంటే చీర కొంగు మొహాన కప్పుకుని శాపనార్థాలు పెడుతుంది. ఇప్పుడు మాత్రం కాసేపు ఆలోచించి, “ఆ కంప్యూటర్‌లో మన పేరెలా కొడతారో కాయితం మీద రాసియ్యి. పెద్దచ్చరాలు. ఒక్కటి తప్పినా ఊరుకోను” అంది.

కొండతల్లి దేవత ముందు పెట్టి మొక్కుకుంటుంది కాబోలు అనుకుని, రత్న సైటు అడ్రసు ఇంగ్లీషులో పెద్దగా రాసిచ్చింది.

మరుసటి సంతకు యర్రమ్మ ఎడమ చేతికి పసుపు గుడ్డ కట్టుకుని వచ్చింది. రత్న కంగారు పడితే, “కత్తి తగిలిందిలే, నీ పని నువ్వు సూసుకో” అని కసిరింది. తర్వాత చలి ముదిరింది. సెంటర్‌కు వచ్చినప్పుడల్లా దుప్పటి నిండా కప్పుకునే వచ్చేది.

రత్న పాపం, తెలిసిన సైట్లన్నిటికీ ఉత్తరాలు రాసింది. ఒక్కరూ జవాబివ్వలేదు. పోనీలే అనుకుని వెతకడం కూడా మానేసింది.

కోతలయ్యాయి. జగన్నాథరావు వచ్చి కుర్చీలో కూర్చుని అరకు కాఫీ అని కొట్టాడు. రత్న కళ్ళు మూసుకుంది.

“అమ్మాయ్! మొదటి పేజీ! మూడో పేరు మీదే!” ఆయన లేచి నిలబడ్డాడు. “ఇక మాటంటే మాటే, ప్యాకెట్ మీద కొండతల్లే. ఏం మంత్రం వేశావమ్మా?”

“నాకేం తెలీదండీ” అంది రత్న నిజంగానే. తమ పేరు ఎవరెవరు రాశారో వెతికింది. బెంగుళూరు నుంచి కొండలెక్కే ఆయన, కలకత్తా నుంచి రైళ్ళ పిచ్చి ఉన్న ఆయన, పూనా డాక్టరమ్మ... ఇరవై ముగ్గురు! అన్నీ ఏళ్ళ నాటి సైట్లు. అందరూ రాసింది అరకు సంతలో పసుపు అమ్మే ఒక ముసలమ్మ గురించే. తనే పిలిచి, నవ్వుతూ ఫొటో తీయించుకుందట.

యర్రమ్మా? ఫొటోనా? రత్న నమ్మలేక ఒక ఫొటో నొక్కింది.

నెట్ నత్తనడక. బొమ్మ పైనుంచి గీత గీతగా దిగుతోంది. ముందు కొప్పు వచ్చింది, తర్వాత మూడు ముక్కుపుడకలు, తర్వాత కొంగు కప్పుకోని నవ్వు మొహం. ఆ తర్వాత కెమేరా వైపు చాచిన ఎడమ ముంజేయి. దాని మీద మణికట్టు నుంచి మోచేతి దాకా, ఒక్క అక్షరం తప్పకుండా, రత్న రాసిచ్చిన అడ్రసు పచ్చబొట్టు!