ముప్పై నాలుగు పళ్ళు

"ఇంకా తేలిక గేరు కావాల బాబాయ్," అంది సాయిదుర్గ.

గౌస్ వెనక చక్రం తిప్పి చూశాడు. పూర్ణా మార్కెట్ వెనక సందులో అతనిది సైకిళ్ళ షాపు.

"ఇరవై ఎనిమిది పళ్ళ సెట్టుంది. కైలాసగిరి దీంతోనే ఎక్కేసినావు కదా!"

"అది ఏరు. నిన్న ట్యాంకు రోడ్డు మీద సూసుకున్నాను. రెండుసార్లు పెడలు పైకొచ్చి బిగిసిపోనాది. కాలు కిందెట్టీసేను. రేపలాగైతే అవుటే."

రేపటి పందెం ఉక్కునగరంలో. కాలనీ నుంచి నీళ్ళ ట్యాంకుకు ఎక్కే రోడ్డు మీద. మొదటి బహుమతి గేర్ల రోడ్ బైకు.

సాయిదుర్గ తొక్కే బండి గౌస్ షాపుది. దాన్ని ఒకాయన కొనుక్కున్నాడు. సోమవారం వచ్చి తీసుకుపోతాడు. వచ్చే నెల జిల్లా సైక్లింగ్ జట్టుకు ఎంపిక. సొంత బండి లేనివాళ్ళను మైదానంలోకి రానివ్వరు.

గౌస్ డబ్బాలోంచి ముప్పై నాలుగు పళ్ళ సెట్టు తీశాడు.

"వెనక పళ్ళు పెరిగితే పెడలు తేలికవుద్ది. కానీ బేటీ, మరీ తేలికైతే ముందు చక్రం ఊగుద్ది. గీత దాటిపోతావు."

"ఊగకుండా నాను సూసుకుంటాను."

పాత సెట్టు విప్పాడు. కొత్తది బిగించాడు. చైనుకు రెండు లింకులు కలిపాడు. బండిని స్టాండు మీద పెట్టి పెడలు ఒక చుట్టు తిప్పాడు. చక్రమూ ఒక్క చుట్టే తిరిగింది.

"ఇంతకన్నా తేలిక నా దగ్గర లేదు. బండి ఇక మాట వింటాది. నీ కాళ్ళు వింటాయో లేదో, అదే నా బయం."

ఆదివారం ఉదయం అయిదుగురు రోడ్డు మొదట్లో నిలబడ్డారు. రోడ్డు పొడవునా సున్నంతో గీతలు గీశారు. ఒక్కొక్కరికి రెండు గీతల మధ్య దారి.

అర్జునరావు రిఫరీ. స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.

"కాలు నేలకు తగిలితే అవుట్. గీత దాటితే అవుట్. మిగతాది అందరికీ తెలిసిందే," అన్నాడు.

సాయిదుర్గ పక్క దారిలో శ్రీనివాసరావు ఉన్నాడు. మూడేళ్ళుగా అతనిదే కప్పు. అతని సైకిలుకు గేర్లు లేవు. ఆమె వెనక చక్రం వైపు వంగి చూశాడు.

"ఏటి పాపా, వెనకాల పళ్ళెం కట్టుకొచ్చీసినావు? ముసిలోళ్ళ గేరది. ఊగి పడిపోతావు."

"ఊగితే ఊగుతాను అన్నయ్యా. పడకపోతే సాలు."

విజిల్ మోగింది.

ఎత్తు మొదట్లోనే ఒకతను కాలు కింద పెట్టాడు. సగం దూరం పోకముందే ఇంకొకతని చక్రం గీత దాటింది. ముగ్గురు మిగిలారు. వారిలో ఒక కాలేజీ కుర్రాడు ముందుకెళ్ళి ట్యాంకు గేటు దగ్గరి జెండా దాటేశాడు. వెనక శ్రీనివాసరావు. అతని వెనక సాయిదుర్గ.

అప్పుడు వచ్చింది పోతమ్మ, సాయిదుర్గ తల్లి. చేపలు అమ్ముకుని బస్సెక్కి వచ్చింది. కూతురి పందెం చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. జనాన్ని తోసుకుని, పందెం చూడటానికి వచ్చిన గౌస్ పక్కకు చేరింది.

"ఓలమ్మో, ఆడెవడో అప్పుడే పైకెల్లిపోనాడు! ఇదేటి ఇక్కడే ఉంది? తొక్కే దుర్గా! జోరుగా తొక్కే!"

"అక్కా, అరవకు."

"నా పిల్ల, నా నోరు. నువ్వే ఏదో గేరెట్టి నాశనం సేసినావు. మా ఇంట్లో గోడ గడియారం ఇంతకన్నా జోరుగా ఎల్తాది!"

"దండం పెడతాను అక్కా. ఆ పిల్లకి నీ గొంతు ఇనపడిందంటే..."

వినపడింది.

సముద్రం ఒడ్డున అలల మీదుగా పిలిచి అలవాటైన గొంతు అది. సాయిదుర్గ కుడికాలు తనంతట తానే నొక్కింది. బండి ముందుకు దూకింది. శ్రీనివాసరావును దాటింది. ముందు చక్రం ఊగి సున్నపు గీత అంచు దాకా వెళ్ళింది.

గౌస్ తల పట్టుకున్నాడు.

ఆమె చక్రాన్ని మధ్యకు తెచ్చుకుంది. చూపు రోడ్డు మీద పెట్టింది. తల్లి మళ్ళీ అరిచింది. ఈసారి కాలు ఉలకలేదు. పెడలు ఒక చుట్టు. మరో చుట్టు. శ్రీనివాసరావు పక్కకు వచ్చాడు.

జెండా రెండు బారల దూరంలో ఉంది. రోడ్డు అక్కడ ఇంకా ఎత్తు. శ్రీనివాసరావు పెడలు పైకొచ్చి ఆగింది. సైకిలు ఒరిగింది. కాలు కింద పెట్టాలి, లేకపోతే బలమంతా వేసి నొక్కాలి. అతను లేచి నిలబడి నొక్కాడు. సైకిలు ఒక్క ఊపున జెండా దాటింది.

జనంలోంచి కేకలు. అతను చేతులు ఎత్తలేదు. వెనక్కి తిరిగి చూశాడు.

పోతమ్మ రోడ్డు పక్కన కూలబడింది. "పోనాది. బండి పోనాది."

గౌస్ చూపు సాయిదుర్గ వెనక చక్రం మీద ఉంది.

రోడ్డు మీద సాయిదుర్గ ఒక్కతే మిగిలింది. చక్రం ఊగింది, నిలబడింది. ఊగింది, నిలబడింది. కాలు నేలకు తగల్లేదు. జెండా దాటాక దిగింది. రోడ్డు మీదే కూర్చుంది.

అర్జునరావు మైకు అందుకున్నాడు.

"మన కాలనీ స్లో సైకిల్ పందెంలో కాలు కింద పెట్టకుండా అందరికన్నా ఆఖర్న చేరి, ఈ ఏడాది మొదటి బహుమతి గెలుచుకున్నది సాయిదుర్గ!"