కోపం బొమ్మ

గంటలో ఆపరేషన్. నాన్న స్వరపేటిక తీసేస్తారు. ఆయనకు రాయడం రాదు, ఇక మాట్లాడాల్సింది ఫోన్లో బొమ్మలతోనే. గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపి ఆయన వేసిన నలభై బొమ్మలతో ఎమోజీ ఫాంటు చేస్తున్నాను. అది ఎంతకీ తయారవడం లేదు.

చివరికి తప్పు దొరికింది. అన్నీ పదహారు వరుసలు, కోపం ముఖం పదిహేడు.

"ఇది తీసేస్తా నాన్నా. నీళ్లు, నొప్పి ఉంటే చాలు."

"నీళ్లు తీసెయ్. నేను తిట్టకపోతే మీ అమ్మ హడలి చస్తుందే."

నిక్కబొడుచుకున్న జుట్టు వరుస చెరిపేశాను. ఫాంటు తయారైంది. అమ్మ, నాన్న ఇద్దరి ఫోన్లలోనూ వేశాను.

ఆపరేషన్ అయ్యాక, బాగానే ఉన్నాడని డాక్టరు చెప్పినా అమ్మ నమ్మలేదు. వరండాలో ఫోను చూస్తూ కూర్చుంది.

సాయంత్రం బోడిగుండుతో కోపం ముఖం వచ్చింది.

"చూడవే, తిడుతున్నాడు," అని అమ్మ అప్పుడు ఏడ్చింది.