శనివారం మనిషి

క్లాసు మొదలైందో లేదో, పాప గుక్కపట్టి ఏడుపు అందుకుంది.

కృపారాణి పాపను భుజాన వేసుకుని చర్చి హాల్లోంచి బయటికి పరుగెత్తింది.

వరండా మెట్ల దగ్గర ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. వెలిసిపోయిన నీలం చీర. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మం వైపే చూస్తోంది.

"కాస్త పట్టుకో అక్కా, పాలసీసా తెస్తాను."

ఆమె జవాబు చెప్పేలోపే పాప ఆమె చేతుల్లో ఉంది.

సీసాతో తిరిగొచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. పాప ఆమె భుజం మీద తల వాల్చి సన్నగా వెక్కుతోంది.

"ఓలమ్మ! నీ దగ్గర ఎంత బుద్ధిగా ఉందో చూడు. క్లాసయ్యేదాకా చూస్తావేటి అక్కా?"

ఆమె పాప వీపు నిమురుతూ తలూపింది.

మరుసటి శనివారమూ వచ్చింది. ఆ పై శనివారమూ వచ్చింది.

పిల్లల తల్లుల కోసం మాస్టారు ఆయాను పెట్టారు, ఎంత మంచి ఏర్పాటు అనుకుంది కృపారాణి.

కృపారాణిది కిరందుల్ రైల్వే కుటుంబం. డిగ్రీ కాగానే పెళ్లయి కొంటా అనే ఈ ఊరికి వచ్చింది. బైబిల్ కాలేజీవాళ్లు శనివారాలు ఇక్కడి చర్చి హాల్లో పీజీ క్లాసులు పెడుతున్నారని విని, భర్తను బతిమాలి చేరింది. కష్టంలో ఉన్నవాళ్ల మాట విని, వాళ్లకు తోడుగా నిలబడడం నేర్పే చదువు.

"సంటిపిల్లనేసుకొని సదువేందే? పిల్లకు ఒక్క జరం రానీ, ఆ రోజే బందు," అని అత్తగారు ముందే చెప్పింది.

అందుకే కృపారాణికి భయం. పాఠం సగంలో లేచి కిటికీలోంచి తొంగిచూసేది.

"చేతులు కడుక్కున్నావా అక్కా? గోళ్లు ఏవీ, చూపించు."

ఆమె రెండు చేతులూ చాపి చూపించేది.

"నీ కూతురు మాటలొచ్చాక నిన్ను ఆంటీ అంటుందే," అని ఏడిపించేది పక్కన కూర్చునే స్వర్ణకుమారి.

"అననీలే. ఈలోపు నా చదువు అయిపోతుంది."

లోపల శామ్యూల్ మాస్టారు చెప్పేవారు. "మనం డాక్టర్లం కాం. మందు రాయం. నోరు తెరవగానే వాక్యం చెప్పం, సలహా ఇవ్వం. ప్రార్థన కూడా వాళ్లు కోరితేనే. ముందు వింటాం. వినడమే మన పరిచర్య."

కృపారాణి శ్రద్ధగా రాసుకునేది.

ఒక శనివారం పాపను అందుకుంటూ ఆమె కొంగు సర్దుకుంది.

"అమ్మా, నీకొక మాట జెప్పాల్నని..."

"క్లాసయ్యాక అక్కా. మాస్టారు వచ్చేశారు."

క్లాసయ్యేసరికి బయట ఆటో హారన్ మోగుతోంది. పాప బట్టలు తడిపేసింది.

"వచ్చేవారం చెబుదువుగానిలే," అంది కృపారాణి, ఒక బిస్కెట్ ప్యాకెట్ ఆమె చేతిలో పెట్టి.

తర్వాతి వారం ఆమె ఆ మాట ఎత్తలేదు. కృపారాణికి గుర్తూ లేదు.

చివరి నెల వచ్చింది. ఒక మనిషి బాధను మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్నవాళ్లకే పట్టా. పక్కింటావిడ తన గోడు వెళ్లబోసుకోవడంతో స్వర్ణకుమారి గట్టెక్కింది. మిగతావాళ్లకూ బంధువులో, తెలిసినవాళ్లో దొరికారు. కృపారాణి ఒక్కతే మిగిలింది.

"మొదట్లోనే ఊరూరా చెప్పించాం. బాధలున్నవాళ్లు శనివారం రండి, వింటాం అని ఎర్రబోరు ఊరి దాకా చర్చి సంఘాల్లో ప్రకటన చేయించాం. ఒక్కరూ రాలేదు," అన్నారు మాస్టారు దిగులుగా.

"ఇక్కడోళ్లు నోరు విప్పరు సార్. మనసులో మాట చెప్పుకోవడం వీళ్లకి అలవాటు లేదు. నా ఏడాది కష్టం మట్టిలో కలిసిపోద్ది."

కృపారాణికి ఏడుపొచ్చింది.

ఆ తర్వాతి శనివారం ఆయా రాలేదు.

"రానని ముందే చెప్పొచ్చు కదా! పిల్లను పెట్టుకుని ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని విసుక్కుంది కృపారాణి.

గేటు ముందు బైకు ఆగింది. దుమ్ము కొట్టుకుపోయిన మనిషి ఒకతను లోపలికొచ్చాడు.

"నమస్తే సార్. ఎర్రబోరు నుంచి వచ్చిన. పేరు మంగల్. మా అక్క లక్కే మొన్నటిసంది ఇంటికి రాలె. పోలీసు థానాల రిపోర్ట్ ఇచ్చినం. యాడ దేవులాడినా లేదు."

"అయ్యో! లక్కే ఎవరు బాబూ?"

"ఏంది సార్ అట్లంటరు? శనివారం శనివారం మీ కాడికే వస్తది గదా."

మాస్టారు అందరి వైపూ చూశారు. అందరూ తల అడ్డంగా ఊపారు.

"ఆ పేరుగలవాళ్లు ఎవరూ రాలేదయ్యా."

మంగల్ దండం పెట్టాడు.

"ఇక్కడ జెప్పుకున్నది మీరు బైట జెప్పరంట, నాకెరికే. అంతా జెప్పొద్దు సార్. యాడికి పోతనన్నదో, ఆ ఒక్క ముక్క జెప్పుండ్రి. చాలు."

ఫోను తీసి ఫొటో చూపించాడు. నీలం చీర.

కృపారాణి పాపను గట్టిగా పట్టుకుంది.

"సార్... ఈమె మన ఆయా కదా!"

"మన ఆయా ఏమిటమ్మా? నువ్వు ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న మనిషి కాదూ?"

"మీరు పెట్టారనుకున్నాను సార్."

మంగల్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఆయా ఏంది మేడం? వానల్ల అక్క సంటిబిడ్డ జరమొచ్చి పోయిందాన్నుంచి మా ఎవ్వరితోని నోరిప్పకుంటే, చర్చిల బాధ వింటరంట పోయి జెప్పుకో అని, మొదటి శనివారం నేనే తెచ్చి ఈడ దింపిన."